మోయాలా, తోయాలా, బ్యాటరీకి వదిలేయాలా?

మీరు మూడేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నారు, వారానికి రెండు రౌండ్లు, వయసు 47. బంతిని కొట్టే కర్రలు, అంటే క్లబ్బులు, పెట్టుకునే కాళ్లున్న స్టాండ్ బ్యాగ్‌ని ఇన్నాళ్లూ భుజానే మోశారు. ఈ మధ్య రౌండ్‌లోని పద్దెనిమిది హోల్స్‌లో (బంతిని వేయాల్సిన గుంటలు) పదమూడోది దాటేసరికి కుడి భుజం లాగేస్తోంది. తోపుడు ట్రాలీ కొనాలా, కొనేదేదో ఒకేసారి ఎలక్ట్రిక్ కొనేయాలా అన్నది మీ ప్రశ్న. కోర్సులో రెండు మూడు ఎత్తులున్నాయనీ, కారు చిన్నదనీ కూడా రాశారు. పాత బ్యాగ్ అమ్మేయాలా అని చివర్లో ఇంకోటి అడిగారు. దానికీ వస్తాను.

నేను ఆడటం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. మొదటి పదకొండేళ్లు మోశాను, తర్వాత ఏడేళ్లు తోశాను, నాలుగేళ్లుగా బ్యాటరీ ట్రాలీ వెనక నడుస్తున్నాను. ఇప్పటికీ కొన్ని రోజులు మోస్తాను. కాబట్టి ఏ ఒక్కదాని తరఫునా వకాల్తా పుచ్చుకోవట్లేదు.

ఏదైనా కొనేముందు బ్యాగ్ తూకం వేయండి. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ ఎక్కి ఒకసారి, బ్యాగ్ భుజాన వేసుకుని ఇంకోసారి నిలబడితే తేడా తెలిసిపోతుంది. నీళ్ల సీసా, గొడుగు, అన్నీ ఆట రోజున ఎలా ఉంటాయో అలాగే ఉంచి తూయండి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు 12.8 కిలోలు చూపించింది. నమ్మబుద్ధి కాక జేబులన్నీ మంచం మీద కుమ్మరించాను. ఖాళీ బ్యాగ్ 2.3 కిలోలు. స్టీల్ షాఫ్టులతో (కాడలతో) 14 క్లబ్బులు 5.8 కిలోలు. నిండు నీళ్ల సీసా 1.7. బంతులు పంతొమ్మిది ఉన్నాయి. నిబంధనల ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదు, దాదాపు అన్నీ ఆ అంచునే ఉంటాయి. అంటే బంతులే ముప్పావు కిలో పైన. ఇక గొడుగు, వాన కోటు, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, ఎండి చెక్కలైపోయిన మూడు గ్లవ్స్, ఎప్పటిదో సన్‌స్క్రీన్, బంతిని నిలబెట్టే గుప్పెడు టీలు, ఎవరిదో తెలియని తాళంచెవి. మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు అంటారు గానీ, నాకు పదకొండేళ్లు మోసినా తెలియలేదు.

ఇక్కడ 14 క్లబ్బుల సంగతి ఒకటి చెప్పాలి. 1938లో అమెరికా గోల్ఫ్ సంఘం ఈ పరిమితి పెట్టక ముందు కొందరు ఇరవై దాటి వేసుకుని వచ్చేవాళ్లు, బ్యాగ్ మోసే క్యాడీల నడుములు విరిగేవి. 14 అనేది పైపరిమితి మాత్రమే, కోటా కాదు. మీ హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె) ఎంతో రాయలేదు గానీ, మూడేళ్ల ఆటగాడికి 4 ఐరన్ క్లబ్బుకూ 5 ఐరన్ క్లబ్బుకూ బంతి వెళ్లే దూరంలో పెద్ద తేడా ఉండదు. ఒకటి మానేయొచ్చు. అలా ఏరుకుంటూ పోతే తొమ్మిది క్లబ్బుల దగ్గర ఆగొచ్చు. ఐదు క్లబ్బులు తీసేస్తే రెండు కిలోలు తగ్గుతాయి. ఆరు బంతులు, చిన్న సీసా, ఆకాశం తేటగా ఉంటే గొడుగు ఇంట్లోనే. నా బ్యాగ్ అలా ఎనిమిది కిలోలకు దిగింది. భుజం నొప్పికి మందు సగం ఇక్కడే ఉంది, దీనికి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఇప్పుడు మోయడంలో అసలు బాధ ఎక్కడుందో చూద్దాం. పద్దెనిమిది హోల్స్ నడక ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు. అందరూ ఆ దూరం గురించే మాట్లాడతారు. నా అనుభవంలో భుజాన్నీ నడుమునీ చంపేది నడక కాదు, దించడం, ఎత్తడం. లెక్క వేయండి. పద్దెనిమిది హోల్స్‌ని 90 దెబ్బల్లో ముగించేవాడు అందులో 34 పట్లు (గుంట దగ్గర బంతిని దొర్లించే దెబ్బలు) వేస్తే మిగతా షాట్లు 56. ప్రతి షాట్‌కీ బ్యాగ్ దించాలి. గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గర ఇంకోసారి, అవి 18. కాస్త అటూ ఇటూగా 74 సార్లు వంగి, 12.8 కిలోలు లేపి, భుజాన వేసుకుంటున్నారు. కలిపితే 947 కిలోలు, టన్నుకు దగ్గర. అందులో ఎక్కువసార్లు ఒకే వైపు నుంచి, ఒకే చేత్తో, తొందరలో. మీకు కుడి భుజమే లాగుతోందంటే రెండో పట్టీ వేసుకోవట్లేదని నా అనుమానం. ఒక్కసారి గమనించి చూసుకోండి. తర్వాతి షాట్ దగ్గరే కదా అని ఒక్క పట్టీతో నడిచేస్తాం. ఒకటో హోల్‌లో ఫర్వాలేదనిపించేది పదమూడో హోల్‌లో బయటపడుతుంది.

నొప్పి ఆట అయిపోయాక కూడా ఉంటోందా, రాత్రి ఆ వైపు తిరిగి పడుకుంటే లేపేస్తోందా? అలాగైతే ట్రాలీ సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి చూపించండి.

తోపుడు ట్రాలీతో శ్రమ సగానికి సగం తగ్గిపోతుందని చాలామంది నమ్మకం. అది పూర్తి నిజం కాదు. 2008లో అమెరికాలోని డెన్వర్‌లో నీల్ వోల్కోడాఫ్ అనే క్రీడా శాస్త్రవేత్త ఎనిమిది మంది ఆటగాళ్ల ఒంటికి పరికరాలు తగిలించి, తొమ్మిదేసి హోల్స్ ఆడించి కొలిచాడు. మోస్తూ ఆడితే 721 కేలరీలు, తోస్తూ ఆడితే 718. క్యాడీ మోస్తే 613, కార్టులో కూర్చుని తిరిగితే 411. ఆడింది ఎనిమిది మందే కాబట్టి ఆ అంకెల్ని శిలాశాసనం అనుకోవద్దు. కానీ మోయడానికీ తోయడానికీ మూడు కేలరీల తేడాయేనా అని నేను చాలా రోజులు ఆలోచించాను.

తర్వాత అర్థమైంది. ట్రాలీ బరువే ఆరు నుంచి ఎనిమిది కిలోలు. దాని మీద మీ బ్యాగ్. మొత్తం ఇరవై కిలోల బండి. వంద మీటర్లకు పది మీటర్లు పైకెక్కే చోట, మోసేవాడు పన్నెండు పదమూడు కిలోల్ని పది మీటర్లు పైకి చేరుస్తున్నాడు, తోసేవాడు ఇరవై కిలోల్ని చేరుస్తున్నాడు. చదును నేల మీద చక్రాలు ఆదా చేసిపెట్టింది ఎత్తు మీద తిరిగి కట్టేస్తున్నామన్నమాట. అదే వాలు మీద బండి వెనక్కి జారకుండా పట్టుకోవడానికే చేతుల మీద రెండు కిలోల తోపు కావాలి. వినడానికి ఎంతో కాదు, రెండొందల మీటర్లు ఆపకుండా తోసి చూడండి.

మరి తోపుడు ట్రాలీ ఎందుకంటారా? అదే పరీక్షలో తొమ్మిది హోల్స్‌కు సగటు స్కోరు తోసినప్పుడు 40, మోసినప్పుడు 45 వచ్చింది (గోల్ఫ్‌లో స్కోరు తక్కువైతేనే మేలు). శ్రమ మొత్తం ఒకటే అయినా పడే చోటు వేరు. మోస్తే మెడకీ భుజాలకీ నడుముకీ పడుతుంది, అంటే సరిగ్గా స్వింగ్‌కి కావాల్సిన చోట్ల. తోస్తే కాళ్లకీ కాస్త చేతులకీ పడుతుంది. షాట్ దగ్గర నిలబడేసరికి ఆయాసం తీరి ఉంటుంది. పైగా ఆ 74 ఎత్తుడు దించుడులూ మాయం. మీ లాంటి భుజానికి ఇదే పెద్ద లాభం.

తోపుడు ట్రాలీ ఎంచుకునేటప్పుడు సీసా పెట్టుకునే చోటు, గొడుగు హోల్డర్ లాంటివి చూసి మురిసిపోవద్దు. చూడాల్సినవి నాలుగే. రెండు చక్రాలతో వెనక లాక్కొచ్చే రకం వద్దు. చెయ్యి వెనక్కి మెలి తిరిగి, భుజం లాగేవాళ్లకు ఇంకా లాగుతుంది. మూడు చక్రాలో నాలుగు చక్రాలో ఉండి ముందుకు తోసేదే తీసుకోండి. రెండోది, పిడి ఎత్తు మార్చుకునే వీలుండాలి, మోచేతులు కాస్త వంగి బొడ్డు ఎత్తులో పిడి అందాలి. కిందికి ఉంటే వంగి తోస్తారు, అప్పుడు భుజం పోయి నడుము వస్తుంది. మూడోది బ్రేక్. చేత్తో నొక్కేదైనా కాలితో తొక్కేదైనా, వేస్తే చక్రం పళ్లలో టక్కున పడాలి. నాలుగోది మీ బ్యాగ్ దాని మీద కూర్చోవాలి. స్టాండ్ బ్యాగ్ కాళ్లు ట్రాలీ కింది బ్రాకెట్‌కి తగిలి తెరుచుకుంటూ ఉంటాయి, బ్యాగ్ పక్కకు తిరిగిపోతుంది, ప్రతి రెండు హోల్స్‌కీ సర్దుకుంటూ చిరాకు. కొనేచోటికి మీ బ్యాగే తీసుకెళ్లి పెట్టి, గుండ్రంగా రెండు చుట్లు తిప్పి చూడండి. చదును నేల మీద వదిలితే బండి ఒక పక్కకు పోతోందా? ముందు చక్రం దగ్గర సర్దే స్క్రూ చాలావాటికి ఉంటుంది, చిన్న మలుపుతో సరిపోతుంది. ఇది తెలియక పద్దెనిమిది హోల్స్ ఒక చేత్తో లాగి పట్టుకుంటూ నడిచేవాళ్లని చూశాను.

బ్రేక్ గురించి నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి చెరువు పైన గట్టు మీద ట్రాలీ ఆపి, గడ్డిలో బంతి వెతుక్కుంటున్నాను. గట్టు చదునుగానే ఉందనిపించింది. వెనక గులకరాళ్లు కదిలిన చప్పుడు. తిరిగి చూసేసరికి ట్రాలీ నింపాదిగా, ఎవరో తోస్తున్నట్టే దిగిపోతోంది. పరిగెత్తాను గానీ అందలేదు. నీళ్ల మీద తేలినవి రెండు హెడ్‌కవర్లు (క్లబ్బు తలకు వేసే తొడుగులు) మాత్రమే. ఇద్దరం దిగి లాగితే గానీ రాలేదు. బ్యాగ్ పీల్చిన నీళ్లు, అడుగున బురద. తడిసి మోపెడవడం అంటే ఏంటో ఆ రోజు కళ్లారా చూశాను. బ్యాగ్ ఆరడానికి వారం పట్టింది, రేంజ్‌ఫైండర్ మళ్లీ వెలగలేదు. అప్పటి నుంచి నేల ఎలా ఉన్నా చెయ్యి పిడి వదిలితే బ్రేక్ పడాల్సిందే.

ఎలక్ట్రిక్ విషయానికొద్దాం. ఇరవై కిలోల్ని పైకి చేర్చే పని మోటారు చేస్తుంది, మీరు మిమ్మల్ని మాత్రమే మోసుకుంటారు. అందుకే ఎత్తుపల్లాలున్న కోర్సులో దీని విలువ చదును కోర్సులో కంటే చాలా ఎక్కువ. పూర్తిగా చదునుగా ఉండే చోట తోపుడు ట్రాలీ వదిలి దీనికి వెళ్తే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. ధర మాత్రం కొన్ని రెట్లు. దిగుడులో వేగం తనే అదుపు చేసుకునే ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. అది లేనిదైతే దిగేటప్పుడు బండి మిమ్మల్ని ఈడ్చుకెళ్తుంది, వెనక్కి పట్టి ఆపేది మళ్లీ అదే భుజం. రిమోట్‌తో నడిచేవీ, మన వెనకే వచ్చేవీ ఉన్నాయి. చేతులు ఖాళీగా నడవడం హాయే, కాదనను. కానీ రిమోట్ ఉన్నవాడి కళ్లు ఆట మీద కంటే బండి మీదే ఎక్కువ ఉంటాయి. మొదటి ఎలక్ట్రిక్‌గా నేనైతే చెప్పను.

బ్యాటరీ దగ్గర మాత్రం పొదుపు చూడొద్దు. పాత రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే పది కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అదే పని చేసే లిథియం రెండు మూడు కిలోలు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేవాటిలో చాలావరకు లెడ్ యాసిడ్‌వే. వాటిని ఆట అయిన రోజే చార్జ్‌కి పెట్టాలి. ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ ఎంత చార్జ్ పెట్టినా నిండదు. నా మొదటిదాన్ని నేనే అలా చంపాను. వానలని రెండు నెలలు మూలన పడేసి, తర్వాత రాత్రంతా చార్జ్ పెట్టి సంబరంగా తీసుకెళ్తే ఏడో హోల్‌లో ఆగిపోయింది. మిగతా పదకొండు హోల్స్ ఆ ఇనుప దిమ్మని తోసుకుంటూ తిరిగాను.

అలాంటి రోజు మీకూ రావచ్చు కాబట్టి ఒక చిట్కా. చాలా మోడళ్లలో వెనక చక్రం మీద చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కి చక్రాన్ని ఇరుసు మీద కొంచెం బయటికి లాగితే రెండో గాడిలో పడుతుంది. అప్పుడు చక్రం మోటారు నుంచి విడిపోయి మామూలుగా తిరుగుతుంది. కొన్న రోజే ఇంట్లో ఇది రెండుసార్లు చేసి చూసుకోండి. బురద చేతులతో, వెనక నలుగురు ఎదురుచూస్తుండగా నేర్చుకునే పని కాదు.

లిథియంలో 12.8 వోల్టులు, 16 యాంపియర్ అవర్ అని ఉన్నది మామూలుగా ఒక రౌండ్‌కి సరిపోతుంది. కొండ కోర్సయితే పెద్దది తీసుకోండి. ఎండలో కారు డిక్కీలో వదిలేయొద్దు, సున్నా డిగ్రీల కంటే దిగువ చలిలో చార్జ్ పెట్టొద్దు. విమానంలో గోల్ఫ్ ట్రిప్పులకు వెళ్లే అలవాటుంటే ఇంకో లెక్క ఉంది. 12.8ని 16తో గుణిస్తే 205 వాట్ అవర్లు. ప్రయాణికుల విమానాల్లో 160 దాటిన లిథియం బ్యాటరీని సామానులో తీసుకెళ్లనివ్వరు. ఎయిర్‌పోర్టులో తెలిస్తే టెన్షనే.

మీరు చిన్న కారు అన్నారు. ఎలక్ట్రిక్ కొనాలా వద్దా అని తేల్చేది చాలాసార్లు కోర్సు కాదు, డిక్కీయే. బ్యాటరీ లేకుండా ట్రాలీ తొమ్మిది నుంచి పన్నెండు కిలోలు ఉంటుంది, దాన్ని వంగి, చేతులు ముందుకు చాపి, డిక్కీ అంచు దాటించి లోపల పెట్టాలి. నడుము నొప్పని ఎలక్ట్రిక్ కొని, ఆడినంత సేపూ బాగానే ఉండి, పార్కింగ్‌లో నడుము పట్టేసిన స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. బ్యాటరీ ముందు విప్పి విడిగా పెట్టండి, బ్యాగ్ విడిగా, బండి విడిగా. కొనేముందు డిక్కీ కొలతలు టేపుతో తీసుకోండి, మడిచిన కొలత చక్రాలతో కలిపా, చక్రాలు తీసేశాకా అని అడగండి. చార్జింగ్ పాయింట్ దాకా బ్యాటరీ రోజూ ఎవరు మోస్తారో కూడా ఇంట్లో ముందే తేల్చుకోండి.

కోర్సు నిబంధనలు త్వరగా చెప్పేస్తాను. ట్రాలీని గ్రీన్ మీదకీ టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) మీదకీ తీసుకెళ్లకూడదు, గ్రీన్‌కీ పక్కనున్న బంకర్‌కీ (ఇసుక గుంత) మధ్య నుంచి నడపకూడదు. తర్వాతి టీ వైపు ఆపుకుంటే వెనక్కి నడిచే పని ఉండదు. నేల బాగా తడిసిన రోజుల్లో కొన్ని కోర్సులు ట్రాలీలే వద్దంటాయి, కొన్ని ముళ్ల చక్రాలుంటేనే రానిస్తాయి. పోటీల్లో మోటారు ఉన్నవాటిని నిర్వాహకులు వద్దనొచ్చు, ముందే కనుక్కోండి. ఒకప్పుడు మనం కొట్టిన బంతి మన ట్రాలీకే తగిలితే ఒక స్ట్రోక్ (దెబ్బ) జరిమానా ఉండేది. 2019 నుంచి అనుకోకుండా తగిలితే ఏమీ లేదు. ఆ జరిమానా కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే గుర్తు.

మోయడం పనికిరాదని మాత్రం అనను. ట్రాలీ ఉన్నవాడు బంకర్ చుట్టూ తిరిగి, వంతెన వెతుక్కుని, మెట్లుంటే తిట్టుకుని వస్తాడు. మోసేవాడు బంతి దగ్గరికి గీత గీసినట్టు వెళ్తాడు. ఎనిమిది కిలోల బ్యాగ్‌తో, రెండు పట్టీలతో, సాయంత్రం తొమ్మిది హోల్స్ ఆడటంలో ఉన్న తేలిక బ్యాటరీ ట్రాలీతో నాకు ఎప్పుడూ రాలేదు. కానీ అది ఎనిమిది కిలోలు, తొమ్మిది హోల్స్. పదమూడు కిలోలు, పద్దెనిమిది హోల్స్, వారానికి రెండుసార్లు, అదీ లాగుతున్న భుజంతో అయితే వద్దు.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. రెండు రౌండ్లు తొమ్మిది క్లబ్బులతో, రెండు పట్టీలూ వేసుకుని మోసి చూస్తాను. తర్వాతి రెండు రౌండ్లు ఎవరిదైనా తోపుడు ట్రాలీ అడిగి తెచ్చుకుని, అది కూడా తొమ్మిది క్లబ్బులతోనే ఆడతాను. ప్రతిసారీ మొదటి నాలుగు హోల్స్ స్కోరు, చివరి నాలుగు హోల్స్ స్కోరు పార్‌తో (ఆ హోల్‌కి ఇన్ని దెబ్బలని పెట్టిన లెక్క) పోల్చి పక్కపక్కనే రాసుకుంటాను. పార్‌కి పైన చివర్లో ఎంత పెరుగుతోందన్నదే మీ అలసట కొలత, దీన్ని మించిన పరికరం లేదు. రెండు మూడు ఎత్తులే ఉన్నాయన్నారు కాబట్టి నా అంచనా తోపుడు ట్రాలీ దగ్గరే మీ పని అయిపోతుంది. ఆ ఎత్తుల దగ్గర మాత్రం ఇంకా ఆయాసం వస్తుంటే, మోకాళ్లు మొరాయిస్తుంటే అప్పుడు ఎలక్ట్రిక్ చూడండి. తోపుడు ట్రాలీకి తగిలించే మోటారు చక్రాల కిట్లు కూడా ఉన్నాయి, కొన్ని మోడళ్లకే సరిపోతాయి. ఆ దారి తెరిచి ఉంచుకోవాలనుకుంటే ట్రాలీ కొనేటప్పుడే అడగండి.

పాత స్టాండ్ బ్యాగ్ అమ్మొద్దు. ట్రాలీలు వద్దన్న తడి రోజున, ట్రాలీ రిపేరుకి వెళ్లిన వారం, సాయంత్రం తొమ్మిది హోల్స్‌కి అదే దిక్కు. కాళ్ల దగ్గర స్క్రూలు వదులైతే బిగించి, అడుగున చేరిన ఇసుక దులిపి, తొమ్మిది క్లబ్బులకు మించకుండా ఒక మూల పెట్టండి.